తిరుగుబాటుదారు కథానాయకుడు కాగలడా? సర్వాయి పాపని కథ: ఒక పరిశీలన

'నాయకుడు' అన్న పదం 'నీ' ధాతువు నుండి పుట్టింది. నడిపించువాడు, తీసికొనిపోవువాడు అని దాని అర్థం. ఎక్కడికి తీసికొనిపోవునన్నది ఆ పదంలో లేదు. రాజమార్గాన నడుపునా, అడవిదారిన నడుపునా అన్నది వ్యాకరణం చెప్పదు. ఆ బరువును అలంకారశాస్త్రం తలకెత్తుకొన్నది. తెలుగుదేశంలో ఆ శాస్త్రాన్ని చెప్పిన గ్రంథాలలో మిక్కిలి ప్రసిద్ధమైనది ఈ ఖిలాలోనే, కీర్తితోరణాలు నిలిచి ఉన్న ఈ రాజధానిలోనే పుట్టింది. ఆ తోరణాల పక్కగా నడిచి తరగతులకు వచ్చే మన విద్యార్థులలో ఎందరికి ఈ విషయం తెలియునో నాకు సందేహమే.

విద్యానాథుడు కాకతీయ ప్రతాపరుద్రుని (1289–1323) ఆస్థానంలోనివాడు. ఆయన 'ప్రతాపరుద్ర యశోభూషణా'న్ని పండితులు 'ప్రతాపరుద్రీయం' అని వ్యవహరిస్తారు. లక్షణాలకు ఉదాహరణలుగా పూర్వకవుల శ్లోకాలను గ్రహింపక, తానే శ్లోకాలు కట్టి, వాటన్నింటిలోను తన ప్రభువునే స్తుతించడం ఇందలి విశేషం. నాటక లక్షణం చెప్పవలసి వచ్చినప్పుడు ప్రతాపరుద్రుడే నాయకుడుగా ఒక నాటకాన్నే గ్రంథంలో ఇమిడ్చాడు. నాయకుడెవరు అన్న ప్రశ్నకు ఆయన సమాధానం ఒక్క ముక్కలో చెప్పవలెనంటే, ఎదుట సింహాసనంపై కూర్చున్నవాడు. నాయకగుణాలను మహాకులీనత, ఔజ్జ్వల్యం, మహాభాగ్యం, ఔదార్యం, తేజస్విత, వైదగ్ధ్యం, ధార్మికత అని ఆయన వరుస పెట్టాడు. వరుసలో మొదటిది మహాకులీనత, అనగా గొప్ప వంశంలో పుట్టుక. అంతకు సుమారు మూడు శతాబ్దాల ముందే ధనంజయుడు 'దశరూపకం'లో వినయం, మాధుర్యం, త్యాగం, దక్షత మొదలైన గుణాల నడుమ ప్రసిద్ధ వంశాన్ని కూడ చేర్చి ఉన్నాడు. విద్యానాథుడు దానిని పంక్తి మొదటికి జరిపాడు.

ఇక్కడొక చమత్కారం ఉన్నది. కాకతీయులు చతుర్థ వర్ణానికి చెందినవారని వారి కాలపు శాసనాలు కొన్ని స్పష్టంగా చెప్పుతున్నవి. కులం మొదటి గుణమని చెప్పిన పండితుడు ఆ ప్రభువుల వంశాన్ని సూర్యచంద్ర వంశాలకు మించినదిగా కీర్తించి చిక్కు తప్పించుకొన్నాడు. సింహాసనం దక్కిన తరువాత కులీనత సమకూరుతుందే కాని, కులీనత లేనివానికి సింహాసనం దక్కకూడదన్న నియమం ఆచరణలో ఎన్నడూ నిలువలేదు. ఈ మాటను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. మనం చెప్పుకోబోయే కథకు ఇది చాల దగ్గరి సంగతి.

ఇక ప్రతినాయకుని సంగతి. లోభి, ధీరోద్ధతుడు, మొండివాడు, పాపకార్యాలు చేయువాడు, వ్యసనపరుడు అని దశరూపకం అతనిని నిర్వచించింది. రాజు నాయకుడైతే రాజుపై కత్తి దూసినవాడు సహజంగానే ఈ రెండవ గదిలో పడతాడు. శాస్త్రం చేతిలో ఉన్నవి ఈ రెండు గదులే.

అయితే శాస్త్రం కోటలో ఉండగా వీథి తన నాయకులను తాను ఎన్నుకొంటూనే ఉన్నది. 'క్రీడాభిరామం' చదివినవారికి ఇది విదితమే. ప్రతాపరుద్రుని కాలపు ఓరుగల్లు వీథులలో మంచనశర్మ, టిట్టిభసెట్టి తిరుగుతూ, పల్నాటి వీరుల కథను పాడుతున్న స్త్రీని చూస్తారు. ఆస్థానంలో ప్రతాపరుద్రుడు నాయకుడుగా శ్లోకాలు చదువుచున్న ఊరిలోనే, వీథిలో బాలచంద్రుడు నాయకుడుగా పాట సాగుతున్నదన్నమాట.

ఆ వీథి ఎన్నుకొన్నవారిలో మన ప్రాంతానికి అందరికంటె దగ్గరివాడు సర్వాయి పాపడు. ఇప్పుడు సర్దార్ సర్వాయి పాపన్న అంటున్నాము, ఆగస్టు 18న జయంతి జరుపుతున్నాము. ఆయన గౌడ కులజుడు, అనగా కల్లుగీత కుటుంబంలో పుట్టినవాడు. ఆయన ఊరుగా చెప్పబడే తాటికొండ, కోట కట్టుకొన్న షాపురం రెండూ వరంగల్లుకు నైరుతిగా, జనగామ దారికి అటూ ఇటూ ఉన్నవి. ఆయన ప్రాబల్యం ఔరంగజేబు చివరి సంవత్సరాలలో ఆరంభమై 1710లో ముగిసింది. పదేళ్ళకు కొంచెం అటూ ఇటూ అయిన ఆ చరిత్రకు మనకు రెండు సాక్ష్యాలున్నవి. ఒకటి ఫారసీలో ఖాఫీ ఖాన్ రచించిన 'ముంతఖబుల్ లుబాబ్' అన్న చరిత్రగ్రంథం. రెండవది తెలుగులో జనం పాడుకొన్న కథ. ఆ పాటను జె. ఎ. బాయిల్ అనే ఆంగ్లేయుడు సేకరించి 1874లో 'ఇండియన్ ఆంటిక్వెరీ' పత్రికలో ప్రకటించాడు. ఈ రెండు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చదివే పనిని జాన్ రిచర్డ్స్, మన వెల్చేరు నారాయణరావు కలిసి 1980లో ఒక వ్యాసంలో చేశారు. 2005లో రిచర్డ్ ఈటన్ దక్కను సాంఘిక చరిత్రను ఎనిమిదిమంది జీవితాల ద్వారా చెప్పినప్పుడు, వారిలో ఒకనిగా పాపనిని ఎన్నుకొన్నాడు. ఫారసీ, తెలుగు రెండూ తెలిసిన విద్యార్థి మన కళాశాలలో ఎవరైనా తయారైతే అతనికి ఇంతకంటె తగిన పరిశోధనాంశం మరొకటి నాకు తోచదు.

పేరులోనే తగవు ఉన్నది చూడండి. సంస్కృతం తెలిసినవానికి 'పాప' అంటే దుష్కృతం. దశరూపకం ప్రతినాయకునికి కట్టిన విశేషణాలలో అదొకటి. తెలుగు ఇంటిలో 'పాప' అంటే పసిబిడ్డ. తల్లి ముద్దుగా పిలిచే పేరు ఒకరి చెవికి దోషిపేరుగా వినిపిస్తుంది. ఇది కేవలం శబ్దసామ్యమే. కాని ఆయనపై వెలువడిన రెండు తీర్పులూ ఈ రెండు చెవులవే అనిపింపక మానదు.

ఖాఫీ ఖాన్ చెప్పిన కథ ఇట్లున్నది. పాపడు ధనవంతురాలైన తన విధవ సోదరి సొమ్మునే దోచుకొని, అనుచరులను కూర్చుకొని, తాటికొండ వద్ద కోట కట్టి, హైదరాబాదు వరంగల్లు దారిన పోవు వర్తకులను కొల్లగొట్టాడు. తరిమివేయగా కౌలాసు జమీందారు వెంకటరావు వద్ద కొలువుకు చేరి, అక్కడా దారిదోపిడి మానక చెరసాల పాలైనాడు. జమీందారు భార్య తన కుమారుని అనారోగ్యం నయమగునన్న ఆశతో ఖైదీలనందరిని విడిపింపగా బయటపడి షాపురం చేరాడు. బంజారాల పెరికెడ్లను వేల సంఖ్యలో పట్టి తన పొలాలు దున్నించాడు. ఈ చివరి విషయం నన్ను చాలసార్లు ఆలోచింపజేసింది. ఎడ్లను అమ్ముకొనక నాగళ్ళకు కట్టినవాడు కేవలం దొంగ కాడు, రాజ్యం చేయదలచినవాడు. అయితే ఆ ఎడ్లు ఎవరివి? ఏ నవాబువీ కావు. ధాన్యం, ఉప్పు వీపులపై మోయించుకొంటూ దేశమంతా నడిచే బంజారాలవి. పేదల కొరకు ధనికులను కొట్టిన వీరుడన్న మాట ఈ ఒక్క చోటనే తడబడుతుంది. ఎరిక్ హాబ్స్‌బామ్ 1969లో ప్రకటించిన గ్రంథంలో 'సాంఘిక బందిపోటు' అన్న భావనను విస్తరించి చెప్పాడు. తన జనానికి వీరుడు, ప్రభుత్వానికి దొంగ అయినవాడు అట్టివాడు. ఆ కొలతబద్దకు పాపడు సగం సరిపోతాడు, సగం సరిపోడు.

ఇక 1708 సంవత్సరం. ఆ ఏడు మార్చి చివర, హిజ్రీ 1120 ముహర్రం నెలలో, ఆషూరాకు ముందు, ఊరంతా సంతాపదినాల ఏర్పాట్లలో ఉండగా పాపడు రెండు మూడు వేల కాల్బలంతో, కొన్ని వందల రౌతులతో వరంగల్లుపై పడ్డాడు. కొందరు దారులు కట్టగా మరికొందరు త్రాళ్ళు విసరి గోడలెక్కారు. రెండు మూడు దినాలు దోపిడి సాగింది. వేలమంది బందీలై షాపురం తరలింపబడ్డారు. వారిలో స్త్రీలు, పిల్లలు ఎక్కువ. పట్టణపు ఖాజీ భార్య, కుమార్తె కూడ ఉన్నారు.

ఈ విషయాన్ని కొందరు దాచి కథ చెప్పుతారు. కొందరు ఈ ఒక్క విషయమే చెప్పి కథ ముగిస్తారు. రెండూ పాఠం చెప్పే పద్ధతులు కావు. ఖిలాలో నివసించే మన కుటుంబాలకు ఆ వార్త ఎట్లుండునో నేను వేరుగా వివరింపనక్కరలేదు. ప్రతి ఏటా ఆషూరా నాడు మనం తలచుకొనేది కూడ బలవంతుని చేతికి చిక్కిన స్త్రీలను, పసివారినే కదా. అందువల్ల 'పాపడు వీరుడా?' అని తరగతిలో ఒక విద్యార్థి అడిగితే, అది కేవలం పరీక్షాప్రశ్న కాదు.

కాని దీనిని మతవైరంగా చదువబోతే సాక్ష్యం ఒప్పుకోదు. బాయిల్ సేకరించిన పాటలో పాపని వెంట నడిచినవారి పేర్లున్నవి. చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, ఎరుకలవారితో పాటు హసను, హుసేను, తురక హిమాము, దూదేకుల పీరు అందులో కనిపిస్తారు. ఆషూరా వేళ గోడ ఎక్కినవారిలో హసను, హుసేను అన్న పేర్లు గలవారు కూడ ఉండి ఉంటారన్నమాట. ఎదుటి పక్షం చూడండి. పాపనిని అణచుటకు మొగలు ఫౌజుదారులతో తెలుగు జమీందారులు చేయి కలిపారు. దోపిడికి గురియైన వర్తకులలో హిందువులే హెచ్చు. కూలి చేతులు ఒక వైపు, పట్టా చేతులు ఒక వైపు అన్న విభజన దీనికంటె సత్యానికి దగ్గరగా ఉన్నది. అదికూడ పూర్తి సత్యం కాదు, బంజారాలు ఉన్నారు కనుక.

ఆ తరువాతి సంఘటనయే నా దృష్టిలో ఈ చరిత్రకంతకు కీలకం. 1709 జనవరిలో బహదూర్ షా చక్రవర్తి తన తమ్ముడు కాంబక్షును జయించి హైదరాబాదులో విడిసి ఉన్నప్పుడు, పాపడు పదునాలుగు లక్షల రూపాయల కానుకతో దర్బారుకు వచ్చాడు. చక్రవర్తి ఆయనకు ఖిల్లతు కప్పి గౌరవించాడు. గీతకులంలో పుట్టినవాడు చక్రవర్తి చేతి వస్త్రం ధరించాడు. వెంటనే షాహ్ ఇనాయత్ మొదలైన ప్రముఖులు మొరపెట్టుకొన్నారు. వారి మొరలో రెండు ఫిర్యాదులు పెనవేసుకొని ఉన్నవి. మా ఆడవారిని, పిల్లలను చెరపట్టినవానిని గౌరవింతురా అన్నది ఒకటి. నీచకులజునికి ఖిల్లతా అన్నది రెండవది. మొదటిది న్యాయమైన ఫిర్యాదు. దానికి మూడువందల ఏండ్లు దాటినా జవాబు బాకీ ఉన్నది. రెండవదానికి న్యాయంతో సంబంధం లేదు. ఓరుగల్లు సంస్కృత పండితుడు పంక్తి మొదట పెట్టిన మహాకులీనతయే అది. భాష మారింది, అంతే. దర్బారు ఈ రెండింటిని విడదీయలేదు. చక్రవర్తి మనసు మార్చుకొని, పాపనిని నాశనం చేయుమని సుబేదారు యూసుఫ్ ఖాన్‌ను ఆజ్ఞాపించాడు. విడదీయడమే సాహిత్య విద్యార్థి పని అని నేననుకొంటాను.

ఇప్పుడు పాట వైపు వద్దాం. పాటలోని పాపడు మొదట తల్లికి ఎదురు చెప్పుతాడు. కులవృత్తి చేసుకొని బ్రతుకుమని ఆమె, గోలకొండ ఏలవలెనని అతడు. కథకు బీజం ఇదే. శాస్త్రభాషలో చెప్పవలెనంటే నాయకుడు ఫలాన్ని కోరువాడు. కథలోని కార్యమంతా ఆ కోరికను పట్టి నడువవలెను. ఈ నిర్వచనం ప్రకారం పాపడు సందేహం లేకుండా కథానాయకుడు. ఆయన కోరికను తీసివేస్తే పాటలో ఒక్క చరణం మిగలదు. విద్యానాథుని మొదటి గుణం మాత్రం ఆయనకు లేదు. తక్కినవి, తేజస్సు, ఔదార్యం, చాతుర్యం, ఉన్నవని పాట చెప్పుతుంది. అంతేకాదు, లేని గుణానికి అది సిగ్గుపడదు. తాడిచెట్టు ఎక్కేవాడు కోట ఎక్కాడన్న గర్వమే ఆ పాటకు ప్రాణం. వంశాన్ని వర్ణింపవలసిన చోట వృత్తిని వర్ణించి, నాయకలక్షణాన్నే తిరగవేసింది.

ముగింపులోను ఇదే తేడా. ఖాఫీ ఖాన్ ప్రకారం పాపడు 1710లో పట్టుబడి వధింపబడ్డాడు. తల చక్రవర్తి వద్దకు పంపబడింది. జనంలో వ్యాపించిన ఒక కథనంలో ఆయన శత్రువు చేతికి చిక్కక తన ప్రాణం తానే తీసికొంటాడు. ఓడినవానికి గౌరవమైన చావునిచ్చే అధికారం పాటకు ఉన్నది, చరిత్రకారునికి లేదు. ఈ అధికారాన్ని పాట ఎట్లు వాడుకొన్నదో చూపితే చాలు, అబద్ధమని కొట్టివేయనక్కరలేదు.

ఉర్దూ విభాగపు విద్యార్థులు ఇక్కడ ఫిర్దౌసీ షాహ్‌నామాలోని కావా అనే కమ్మరిని గుర్తు చేసికొనవచ్చును. జహాక్ అన్న క్రూరరాజు తన కుమారులను బలి తీసికొనగా, కావా తాను పనివేళ కట్టుకొనే తోలును ఈటెకు కట్టి జెండాగా ఎత్తి జనాన్ని నడిపాడు. ఆ తోలుజెండా ఇరాను రాజచిహ్నమైనది. కాని సింహాసనం ఎక్కినది ఎవరు? రాజవంశజుడైన ఫరీదూన్. తిరుగుబాటు కమ్మరిది, రాజ్యం రాజకుమారునిది. మహాకావ్యం కావాను గౌరవిస్తుంది, కాని నాయకునిగా ఒప్పుకొనదు. తెలుగు పాట ఒక అడుగు ముందుకు పోయి జెండా ఎత్తినవానినే గద్దెపై కూర్చుండబెట్టింది. మన వీథిగాయకుల ధైర్యం ఇందులో ఫిర్దౌసీకంటె హెచ్చని చెప్పుటకు నేను సంకోచింపను. అయితే కావాకు ఒక సౌలభ్యం ఉన్నది. ఫరీదూన్ వచ్చినందువల్ల అధికారం చేతికి వచ్చిన మరునాడు కావా ఏమి చేసి ఉండునో మనం చూడనవసరం లేకపోయింది. పాపని విషయంలో ఆ మరునాడు మనకు కనిపిస్తున్నది.

పరీక్షలలో మన విద్యార్థులు 'నాయకుడు' అన్న ఒకే మాటను మూడు అర్థాలలో కలగలిపి వ్రాస్తారు. కథను నడిపినవాడు ఒకడు, సాహసి ఒకడు, అనుసరింపదగినవాడు ఒకడు. మొదటి రెండర్థాలలో పాపనికి నాయకత్వం కాదనువాడు పాటను చదువలేదన్నమాట. మూడవ అర్థంలో నేను ఇవ్వను. తిరగబడినందుకు కాదు. ఆ తిరుగుబాటుకు కావలసినంత కారణం ఆ కాలంలో ఉన్నది. చేతికి చిక్కిన నిరాయుధుల పట్ల ఆయన నడత ఖిల్లతు ధరించిన ఏ అమీరు నడతకంటెను వేరుగా లేనందుకు. తిరుగుబాటుదారుని కొలవవలసినది అతడు ఎవరిని ఎదిరించాడన్నదానితో సగమే. తనను ఎదిరింపలేనివారిని ఏమి చేశాడన్నది తక్కిన సగం.

ఈ రెండవ సగంలో నిలిచే పాత్ర కూడ మన జిల్లా దారులలోనే ఉన్నది. జనగామ ప్రాంతపు కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన భూమి కొరకు విసునూరు దేశముఖు బలాన్ని ఎదిరించి, న్యాయస్థానంలో వ్యాజ్యం నడిపి గెలిచి, 1940లో హత్యకు గురైనాడు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుల 'మా భూమి' నాటకం (1947) ఆ ఉదంతాన్ని ఊరూరి రంగస్థలంపై నిలిపింది. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'లో ఉరికి సిద్ధంగా ఉన్న తెలంగాణ యువకుడు రాఘవరావు కథానాయకుడు. గౌతం ఘోష్ 'మా భూమి' చలనచిత్రానికి మూలం ఈ నవలయే. తెలుగు నాటకానికి స్ఫూర్తి ముస్లిం రైతు, ఉర్దూ నవలకు నాయకుడు తెలుగు రైతుబిడ్డ. రెండు భాషల కళాశాలలో ఈ రెండింటిని ఒకే వారంలో చదివింపగలిగితే బాగుండునని సంఘంవారికి నా మనవి. బందగీ కత్తి పట్టలేదు, కోట కట్టలేదు. కాగితం పట్టుకొని కచేరీకి నడిచాడు. వీథిపాటకు ఇది చాల చప్పని వస్తువు. కాని నాటకకర్తలకు సరిపోయింది.

పాపని కథలో ఇంకొక పాత్రను చెప్పక ఈ వ్యాసం ముగింపలేను. విమర్శకుల దృష్టి ఆమెపై తగినంతగా నిలువలేదు. ఆమె పాపని భార్య. ఆమె సోదరుడు మొగలు ఫౌజుదారు. ఇతర బందీలతో పాటు షాపురం చెరలో ఉన్నాడు. 1709లో పాపడు వేరొక కోట ముట్టడికై బయట ఉన్న సమయంలో, ఖైదీలకు పోవు భోజనంలో ఆమె ఆకురాళ్ళు దాచి పంపింది. దశరూపకం చెప్పిన ఏ గదిలోను ఆమెకు చోటు లేదు. ఫారసీ చరిత్ర ఆమెను ఫలానావాని సోదరిగా పేర్కొని ముందుకు సాగును. తిరుగుబాటుదారుని ఇంటిలో తిరగబడినది ఆమె ఒక్కతె. బందీలు సంకెళ్ళు కోసికొని కావలివారిని లొంగదీసి కోటను ఆక్రమించారు. వార్త విని పాపడు పరుగున తిరిగివచ్చేసరికి షాపురం తలుపులు లోపలి నుండి మూసి ఉన్నవి.